అనకూడని మాట

వర్క్‌షాపు మేడ మీద నుంచి,
ఆదివారం

వదినగారికి నమస్కారం.

అందరం క్షేమమని మొదలుపెట్టాలి. మీ తమ్ముడు క్షేమం, కింద మిషన్లు క్షేమం, నా సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు. ఫోనులో మీరు బాగున్నావా అంటారు, నేను బాగున్నాను అంటాను, మీ తమ్ముడు పక్కనుంచి అక్కను అడిగానని చెప్పు అంటారు, అక్కడితో సరి. అందుకే కాగితం పట్టుకున్నాను.

మొన్న గురువారం నేను కటింగ్ గదిలో ఫ్యాను వేశాను.

ఇంతేనా అనుకుంటారు. జారుడు బట్ట పరిచి ఉన్నప్పుడు ఆ గదిలో గాలి ఆడకూడదని మీకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. బల్ల మీద పొర మీద పొర పరుస్తాం, పైన గీతల కాగితం వేస్తాం, కత్తి మిషను పెట్టి అన్నిటినీ ఒకేసారి కోస్తాం. పై పొరలు వేలెడు జరిగితే చాలు, చొక్కా చొక్కాలా ఉండదు. ఆ ఫ్యాను స్విచ్చి మీద ప్లాస్టరు అంటించింది కూడా నేనే, ఈ బల్ల దగ్గరికి వచ్చిన కొత్తలో. ఎంత ఉక్కపోసినా ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు. పొరలు పరిచే మనిషి, అదే మన పొరలాయన, ఒకసారి పొరపాటున దాని మీద చెయ్యి వేస్తే నేను అరిచిన అరుపు అతనికి ఇప్పటికీ గుర్తే.

గురువారం కత్తి చేతిలో ఉండగా కడుపులోంచి వేడి లేచింది. జ్వరం కాదు. ఎవరో లోపల పొయ్యి వెలిగించినట్టు ఛాతీ, మెడ, చెవులు, తల అన్నీ మండిపోయాయి. గుండె దడదడలాడింది. ఇక్కడే పడిపోతాననుకున్నాను. కత్తి ఆపి, గోడ దగ్గరికి వెళ్లి, ప్లాస్టరు గోళ్లతో పీకి స్విచ్చి నొక్కి, ఆ గాలి కింద కళ్లు మూసుకుని నిలబడ్డాను. కళ్లు తెరిచేసరికి పొరలాయన రెండు చేతులూ చాపుకుని బట్ట మీద బోర్లా పడుకుని ఉన్నాడు, పొరలు ఎగిరిపోకుండా.

అప్పుడైనా అన్నీ తీసి మళ్లీ పరవాలి. మళ్లీ పరుద్దామా అని అతను అడిగాడు కూడా. నాకు ఓపిక లేదు. ఏం జరగలేదులే అని కోసేశాను. హోటలు రిసెప్షనులో నిలబడే అమ్మాయిలకి కుట్టే చొక్కాలు అవి. సగం మందికి ఎడమ భుజం పొట్టిగా వచ్చింది.

ఫ్యాను నేనే వేశానని అందరికీ చెప్పాను. ఎందుకు వేశానో చెప్పలేదు. మీ తమ్ముడు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అందరి ముందూ మెల్లిగా, ఎవరి పిల్లనో అడిగినట్టు, ఏమైంది నీకు అని అడిగారు.

ఏమైందో నాకూ తెలీదు. నెలసరి రెండు నెలలు రాదు, వస్తే ఆగదు. నిద్ర లేదు. మీరు పసిపిల్లల వార్డులో అన్నేళ్లు నర్సుగా చేశారు, నాకన్నా ముందు ఈ వయసు దాటారు. మీకూ ఇలాగే అయిందా? ఎలా నెట్టుకొచ్చారు? సిగ్గుపడకుండా రాయండి. నేను సిగ్గు వదిలేసే అడుగుతున్నాను.

మీ మరదలు


స్టేషను వెనక వీధి,
శుక్రవారం

చిరంజీవి మరదలికి ఆశీస్సులు.

పొరలాయన బోర్లా పడుకున్న దగ్గర నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. ఇంత చిన్న విషయానికి అంత బెంబేలు పడతావని అనుకోలేదు. నువ్వు గట్టిదానివి.

ముట్లుడగడం అందరికీ వచ్చేదే తల్లీ. మా వార్డులో మేం పదిమంది ఆడవాళ్లం పనిచేసేవాళ్లం. ఒక్కొక్కరికీ ఆ వయసు వచ్చింది, పోయింది. ఎవరూ చెప్పుకున్నది లేదు, పని ఆగిందీ లేదు. నాకంటావా, ఏముంది, కాస్త ఒళ్లు వేడెక్కేది, కాస్త చెమట పట్టేది. చేతిగుడ్డ తడిపి మెడ మీద వేసుకునేదాన్ని. సాయంత్రం పూట నడువు. కాఫీ తగ్గించు. బిగుతు బట్టలు వేసుకోకు. ఏడాదో రెండేళ్లో, దానంతట అదే చల్లబడుతుంది.

ఒక్క మాట విను. ఫ్యాను ఎందుకు వేశావో కింద ఎవరికీ చెప్పకు. మగవాళ్లకు ఈ సంగతి తెలిస్తే ఆ తర్వాత నువ్వు తుమ్మినా దానికే కడతారు. నీకు విసుగొస్తే అదే, నవ్వొస్తే అదే. తమ్ముడితో కూడా అక్కర్లేదు. వాడు మంచివాడే గానీ వాడికి అర్థం కాదు.

మనసులో పెట్టుకుని కుమిలిపోకు మరి. ఏదున్నా నాకు రాయి. ఒక్కటి కూడా దాచకు. నా కడుపులో పడ్డ మాట బయటికి రాదని నీకు తెలుసు.

మీ వదిన


మేడ మీద నుంచి,
సోమవారం

వదినా,

దాచకు అన్నారు కాబట్టి దాచను.

నడుస్తున్నాను. కాఫీ మానేశాను. చేతిగుడ్డ తడుపుకుంటున్నాను. వేడి సంగతి నాకిప్పుడు లెక్కలోకి రావడం లేదు. అది వస్తుంది, పోతుంది. పోనిది వేరే ఉంది.

పొద్దున లేస్తూనే గుండెలో బరువు. ఎందుకో తెలీదు, ఎవరూ ఏమీ అనలేదు, అయినా ఏడుపొస్తుంది. సింకు దగ్గర గిన్నె కడుగుతూ ఏడుస్తాను, గిన్నె అయిపోగానే ఏడుపు ఆపి ఇంకో గిన్నె తీసుకుంటాను. మొన్న గాటు పెట్టాల్సిన చోటు గుర్తురాక, రోజూ కోసే కాలరు ముక్క చేతిలో పట్టుకుని ఇది ఏమిటి అని చూస్తూ ఉండిపోయాను. మీ తమ్ముడు కళ్లజోడు ఎక్కడ పెట్టానని అడిగితే సుద్దల డబ్బా నేలకేసి కొట్టాను. ఆయన అడిగింది ఆయన కళ్లజోడు గురించే. నెత్తి మీదే ఉంది.

ఇదంతా పోనివ్వండి. ఇప్పుడు రాసేది ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

నేను కత్తి నడిపేటప్పుడు పొరలాయన బల్లకు అవతల బట్ట అంచు అదిమి పట్టుకుంటాడు. అతని వేళ్లు కనిపిస్తూ ఉంటాయి. పది రోజులుగా ఆ వేళ్లు చూడగానే లోపల ఒక మాట లేస్తోంది. ఈ కత్తి అతని వేళ్ల మీదుగా పోనిస్తే? అంతే. ఆ మాట వచ్చిన మరుక్షణం ఒళ్లు చల్లబడిపోతుంది. కత్తి ఆపేస్తాను. బాత్రూములోకి వెళ్లి మొహం కడుక్కుని వస్తాను, మళ్లీ అదే మాట.

నాకు అతని మీద కోపం లేదు వదినా. పద్దెనిమిదేళ్లుగా నాతో పనిచేస్తున్న మనిషి. ఆ మాట నాది కాదని తెలుసు, కానీ అది నా గొంతుతోనే వినిపిస్తుంది. ఎక్కడ చేసేస్తానో అని భయం. ఆ భయంతో అతన్ని బల్ల చివరికి జరగమంటున్నాను. కత్తి తగలకుండా చేతికి తొడుక్కునే నా ఉక్కు గ్లవ్ తీసి అతనికే ఇచ్చాను. అతను నేనేదో ప్రేమ చూపిస్తున్నానని మురిసిపోయి, ఇంటి దగ్గర భార్యకు కూడా చెప్పాడట. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

నేను చెడ్డదాన్నయిపోతున్నానా? లోపల ఇలాంటిది ఎప్పటినుంచో ఉండి ఇప్పుడు బయటపడుతోందా? మీరు నర్సు కదా. నిజం రాయండి, భయపడినా సరే.

మీ మరదలు


స్టేషను వెనక వీధి,
గురువారం

మరదలికి,

నీ ఉత్తరం అందింది. చదివాను.

రెండు వారాలు కత్తి ముట్టుకోకు. ఒంట్లో బాగాలేదని చెప్పి మేడ దిగకు. అలాంటి మాటలు కాగితం మీద పెట్టకు. చదివి నాకు కాళ్లు చేతులు ఆడలేదు. దేవుడి దయవల్ల అన్నీ సర్దుకుంటాయి. నేను చూసుకుంటాను, నువ్వు దిగులు పడకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మెట్ల మీద నీళ్లు కారుతున్నాయి, ఇంటి ఓనరు పట్టించుకోవడం లేదు.

మీ వదిన


మేడ మీద నుంచి,
బుధవారం

వదినగారికి,

నేను చూసుకుంటాను అన్నారు. చూసుకున్నారు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మీ తమ్ముడు ఫోనులో మీకు ఒక రకంగా చెప్పే ఉంటారు, నా రకం కూడా వినండి. నిన్న నేను సెలవు పెట్టి ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్లాను. ఆడ డాక్టరు. వయసు అడిగింది, నెలసరి అడిగింది, నిద్ర అడిగింది. ఆ తర్వాత తలెత్తకుండానే, మిమ్మల్ని భయపెట్టే ఆలోచనలేమైనా వస్తున్నాయా అని అడిగింది. వేళ్ల సంగతి చెప్పేశాను. చెప్పి, పోలీసులను పిలుస్తుందేమో అన్నట్టు కూర్చున్నాను. ఆవిడ కలం కూడా ఆపలేదు. రాసుకుంటూనే, ఇంకా ఎప్పుడెప్పుడు వస్తుంది అని అడిగింది.

ఈ దశలో ఒంట్లో మారేది మనసును కూడా కదుపుతుందట. ఆందోళన, దిగులు, మతిమరుపు, ఇలాంటి ఆలోచనలు చాలామందిలో చూసిందట. ఆవిడ అన్న ఒక్క మాట మాత్రం అలాగే రాస్తున్నాను. "మీకు ఆ పని చెయ్యాలని లేదు కాబట్టే ఆ ఆలోచనకు అంత హడలిపోతున్నారు." హార్మోను మాత్రలు రాసింది, మనసు మాట్లాడుకోవడానికి వారానికోసారి ఇంకొకావిడ దగ్గరికి వెళ్లమంది, మూడు వారాల్లో మళ్లీ రమ్మంది. బయటికొచ్చి బస్టాపు బెంచీ మీద కూర్చుని నవ్వాను వదినా. పిచ్చిదాన్ని కానని తెలిసి పిచ్చిదానిలా నవ్వాను. ఇంటికి రాగానే మీ తమ్ముడికి అన్నీ చెప్పేద్దామనుకున్నాను. అక్కర్లేదన్న మీ మాట పక్కన పెట్టి మరీ.

నేను వచ్చేసరికి కటింగ్ గదిలో అందరూ నిలబడి ఉన్నారు. కత్తి మిషను చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసి ఉంది. మిషన్ల దగ్గరి ఆడవాళ్లు, ప్యాకింగు వాళ్లు, పొరలాయన, అందరూ. మీ తమ్ముడు చాలా శాంతంగా, ఇకనుంచి నేను కటింగు చెయ్యనని, ఎవరూ నన్ను విసిగించొద్దని చెబుతున్నారు. ఎందుకని నేను అడిగాను. ఆయన నా వైపు కాదు, పొరలాయన వైపు చూశారు.

"ఈ కత్తి అతని వేళ్ల మీదుగా పోనిస్తే అనిపిస్తోందట, నన్నేం చెయ్యమంటారు?"

నా వాక్యం. ఒక్క ముక్క తేడా లేదు. నేను ఒక్క మనిషికే రాసిన వాక్యం.

పొరలాయన ఉక్కు గ్లవ్ తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే నిలబడ్డ గుండీల అమ్మాయి ఒకడుగు వెనక్కి వేసింది. నా చేతిలో మందుల కవరు తప్ప ఇంకేం లేదు.

మీరు ఆ ఉత్తరం ఆయనకు చదివి వినిపించారా, లేక చూసి రాసుకోమన్నారా? అదొక్కటి చెప్పండి.


స్టేషను వెనక వీధి,
ఆదివారం

మరదలికి,

నా మీద కోపం పెట్టుకో, పెట్టుకునే హక్కు నీకుంది. ఫోనులో చదివాను. వాడు మళ్లీ చదవమన్నాడు, మళ్లీ చదివాను. అందరి ముందూ అంటాడని అనుకోలేదు. ఆ పని తప్పు, వాడితో ఆ మాట చెప్పాను కూడా.

కానీ నా వైపు నుంచి ఆలోచించు. నువ్వు రాసింది తలనొప్పి గురించి కాదు. తిరిగే కత్తి, ఎదురుగా మనిషి చెయ్యి. నేను ఊరుకుని, రేపు ఏదైనా అయితే? ఆ మనిషికి భార్యాపిల్లలు లేరా? నీకు జైలు, తమ్ముడికి తలవంపులు, నాకు జీవితాంతం అదే ఆలోచన. డాక్టరు ఇప్పుడు వచ్చి ఏమీ కాదని చెప్పింది, బాగుంది. నీ ఉత్తరం నా చేతికి అందినప్పుడు డాక్టరు నా పక్కన లేదు.

అయినా అలాంటి మాట ఎవరైనా పైకి అంటారా? మనసన్నాక వెయ్యి వస్తాయి. వచ్చినవన్నీ నోటితో అంటామా, కాగితం మీద పెడతామా? నేను అన్నానా? నా పాటికి నేను పని వదిలేసి, తలుపు వేసుకుని, గుట్టుగా ఇంట్లో కూర్చున్నాను. ఎవరికీ చెడ్డ కాలేదు, ఎవరి నోటా పడలేదు. నువ్వు కూడా అలాగే చేసి ఉంటే ఈ రోజు పరువుతో ఉండేదానివి. నీ మంచి కోరే చెబుతున్నాను.

మందులు వేళకి వేసుకో.

మీ వదిన


మేడ మీద నుంచి,
మూడు నెలల తర్వాత

వదినగారికి నమస్కారం.

రాయకూడదనుకునే ఇన్నాళ్లూ రాయలేదు. కోపం తగ్గి కాదు, అవసరం పడి రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నాను, ప్రేమ ఒలకబోస్తున్నానని అనుకోకండి.

నాకు నయమైంది. తెల్లారేదాకా నిద్రపోతున్నాను. గిన్నెలు ఏడవకుండా కడుగుతున్నాను. ఆ మాట మొదట్లో రోజుకోసారి వచ్చేది, తర్వాత వారానికోసారి, ఇప్పుడు వచ్చినా కిటికీలోంచి పోయే బండిలా చూసి వదిలేస్తున్నాను. ఎలా వదలాలో ఆ రెండో ఆవిడ నేర్పింది. ఒంట్లో వేడి అప్పుడప్పుడూ వస్తుంది, దానికి నేను భయపడను.

కత్తి మాత్రం నాకు రాలేదు.

ఇప్పుడు నా పని తయారైన చొక్కాలకు దారపు పోగులు కత్తిరించడం. మొన్న నాకు మొనలేని చిన్న కత్తెర ఇచ్చారు, బడిపిల్లలది. బల్ల దగ్గర పొరలాయన కోస్తున్నాడు. చెడ్డవాడు కాదు, నేర్చుకుంటున్నాడు, కానీ వంపు దగ్గర కత్తిని తోస్తాడు, నడిపించడు. చంకల దగ్గర ముడతలు వస్తున్నాయి, మూడు ఆర్డర్లు వెనక్కి వచ్చాయి. నేను ఇక్కడినుంచే చూస్తూ ఉంటాను. నేను అటుగా వెళ్తే అతను చేతులు జేబుల్లో పెట్టుకుంటాడు. కావాలని కాదు, అవి వాటంతట అవే వెళ్లిపోతాయి. అదే నన్ను చంపుతోంది.

మీ తమ్ముణ్ని అడిగాను. డాక్టరును తీసుకొచ్చి చెప్పిస్తానన్నాను. ఆయన ఏమన్నారో తెలుసా? మందు పనిచేసిందంటే జబ్బు ఉన్నట్టే కదా, జబ్బు మనిషికి కత్తి ఎలా ఇస్తాం అన్నారు. సరే, మందు మానేస్తాను అన్నాను. మానేస్తే ఇంకా ప్రమాదం అన్నారు. వేసుకున్నా ఇవ్వరు, మానినా ఇవ్వరు. ఇంక నేను ఎటు తిరగాలి?

ఆ బల్ల నా జీవితం వదినా. ఈ వర్క్‌షాపులో కుట్టిన ప్రతి చొక్కా ముందు నా చేతిలో ముక్కలైంది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆయన ఆర్డర్ల కోసం తిరిగితే నేను ఇంట్లో భోజనాల బల్ల మీదే బట్ట కోసేదాన్ని. నాకు బిడ్డలు లేరు, పెద్ద చదువు లేదు. అదొక్కటే వచ్చు.

మీ కిందటి ఉత్తరం కోపంలో చదివి పక్కన పడేశాను. ఈ మధ్య నిదానంగా మళ్లీ చదివాను. నేను అన్నానా అని రాశారు. ఏ మాట వదినా? మీరు అననిది ఏమిటి? పసిపిల్లల వార్డులో హెడ్ నర్సు కావలసిన సంవత్సరంలో, సరిగ్గా నా వయసులో, మీరు ఉన్నట్టుండి పని మానేశారు. నడుము నొప్పి అన్నారు, మేమూ నమ్మాం. చేతుల్లో బిడ్డను పట్టుకున్నప్పుడు మీకూ నా మాటలాంటిదే లేచిందా?

అవునని నాకు రాయనక్కర్లేదు. మీ తమ్ముడికి చెప్పండి. ఆయనకు లోకంలో మీ మాట తర్వాతే ఏదైనా. డాక్టరు చెబితే ఫీజు కోసం చెప్పిందంటారు, నేను చెబితే జబ్బు మాట్లాడుతోందంటారు. అక్కకు కూడా అలా అనిపించింది, అక్క చేతిలో ఒక్క బిడ్డకూ ఏమీ కాలేదు అని తెలిస్తే ఆయన భయం పోతుంది. నన్ను బల్ల నుంచి దింపింది మీ మాటే. ఎక్కించగలిగింది కూడా ఇంకెవరూ లేరు.

ఒక్కసారి రండి. ఇంతకన్నా బతిమాలడం నాకు చేతకాదు.

మీ మరదలు


స్టేషను వెనక వీధి,
మంగళవారం

తల్లీ,

వస్తాను. శనివారం మధ్యాహ్నం బండికి. తమ్ముడితో మాట్లాడతాను. నువ్వు అడిగినదానికి జవాబు నోటితోనే చెబుతాను. నాలుగైదుసార్లు రాయబోయి మానేశాను.

నా కోసం ప్రత్యేకంగా ఏమీ వండకు.

మీ వదిన


మేడ మీద నుంచి,
సోమవారం

వదినగారికి,

క్షేమంగా చేరి ఉంటారు.

శనివారం మీరు దిగగానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ పట్టుకోవడం చూసి, ఇక నా పని అయిపోయినట్టే అనుకున్నాను. భోజనాల దగ్గర మీరు ఉద్యోగం మానిన సంగతి నేనే కదిపాను. మీ తమ్ముడు గిన్నె కింద పెట్టి, మీ వైపు తిరిగి, నేను ఊహించనంత బెదురుగా అడిగారు.

"అక్కా, నీకు కూడా ఇలాంటివి వచ్చాయా? అందుకేనా ఉద్యోగం మానేశావు?"

ఆయన కాదనమని అడగలేదు వదినా. మొహం చూశారుగా. అవునంటే వినడానికి సిద్ధంగా ఉన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నా గురించి తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న అదొక్కటే, అదీ మిమ్మల్ని అడిగారు.

మీరు కంచంలోకి చూశారు. "నాకెందుకొస్తాయిరా? నాది నడుము."

అక్కడితో ఆగినా సరిపోయేది. నా వీపు నిమిరి, పాపం దీనికి కాస్త సున్నితం ఎక్కువ, బాగా చూసుకో అన్నారు. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. కూర ఇంకాస్త వడ్డించమన్నారు. నేను వడ్డించాను.

ఆ తర్వాత మీరు వంటగదిలోకి వచ్చి నన్ను కావలించుకుని ఏడ్చారు. ఎందుకు ఏడుస్తున్నారని నేను అడగలేదు. అడిగితే చెప్పేవారేమో. నాకు అక్కర్లేకపోయింది. పక్క గదిలో చెప్పాల్సింది నా భుజం మీద చెబితే నాకేం ఒరుగుతుంది?

కత్తి మిషను పెట్టె తాళం నిన్న మార్చారు. ఇదివరకు తాళంచెవి మేకుకు వేలాడేది, ఇప్పుడు ఆయన జేబులో ఉంటోంది.


స్టేషను వెనక వీధి

మరదలికి,

ఈ చీటీ ఉంచుకున్నా ఫరవాలేదు. దీంతో పాటు మడిచి పెట్టిన నాలుగు కాగితాలు నువ్వొక్కదానివే చదువు. చదివాక చించెయ్యి. తమ్ముడి కంట పడనివ్వకు. ఇంతకాలం ఎవరికీ చెప్పనిది, నీకు చెప్పకుండా ఉండలేకపోయాను. నేను పోయేలోపు ఒక్కరికైనా తెలియాలి. నిన్ను నమ్ముతున్నాను.

వదిన


మేడ మీద నుంచి,
ఆదివారం

వదినగారికి నమస్కారం.

మీ నాలుగు కాగితాలూ చదివాను. అందులో ఏముందో ఇక్కడ రాయను. ఈ ఉత్తరం మీ ఇంట్లో ఎవరి చేతిలో పడుతుందో నాకు తెలీదు. మూడు కాగితాలు నేను ఊహించినవే. నాలుగోది ఊహించలేదు. చదువుతూ మీ కోసం ఏడ్చాను. నా పక్కన ఒక డాక్టరు, ఒక రెండో ఆవిడ ఉన్నారు. మీ పక్కన ఎవరూ లేరు. మీకు ఆ వయసులో ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే మీరు ఆ వార్డులోనే రిటైరయ్యేవారు. ఎవరు చెప్పాలి? మీ ముందువాళ్లు. వాళ్లూ మీలాగే నడుములు పట్టుకుని ఇళ్లకు పోయి ఉంటారు.

ఏడుపయ్యాక కోపమొచ్చింది. దాచను. ఆ కాగితాలు మీ చేతిరాత. ఆయన చేతిలో పెడితే సాయంత్రానికల్లా కత్తి నా చేతిలో ఉండేది. పెట్టడానికే లేచాను. మెట్లు సగం దిగాను. కింద బల్ల కనిపిస్తోంది, పొరలు పరిచి ఉన్నాయి. ఆయన తలెత్తి, అక్క ఏం రాసింది అని అడిగారు.

ఆయన వాటిని ఎలా చదువుతారో నాకు కళ్లకు కట్టింది. పైకి చదువుతారు. అర్థం కాకపోతే మళ్లీ చదువుతారు. ఆ తర్వాత మీరు ఎప్పుడు వచ్చినా, ఎవరి బిడ్డనైనా ఎత్తుకుంటే, పక్కన నిలబడి మీ చేతులనే చూస్తారు. పొరలాయన జేబుల సంగతి నేను పడ్డాను. అది మీకు అంటించలేకపోయాను.

ఏమీ లేదండీ అన్నాను. పైకొచ్చి చించేశాను, కోపంతో చిన్నచిన్న ముక్కలుగా. మీ మీద దయతో చేశానని అనుకోకండి. మీ పనే నేనూ చేస్తే మనిద్దరిలో తేడా ఉండదని చేశాను.

రేపటి నుంచి నేను వేరే చోట పనికి వెళ్తున్నాను. ఆసుపత్రులకు దుప్పట్లు, పరుపు గలేబులు కుట్టే చోటు. అక్కడి ఓనరమ్మకు మాత్రల సంగతి, ఆలోచనల సంగతి నేనే మొదట చెప్పాను. ఆవిడ నా మొహం చూసి, సూటిగా కొయ్యడం వచ్చా అని అడిగింది. వచ్చన్నాను. అక్కడ అంతా సూటి గీతలే. కాలరు లేదు, చంక లేదు, వంపన్నది లేదు. ముప్పై ఏళ్లలో నేను నేర్చుకున్నదాంతో వాళ్లకు పనిలేదు. మీ తమ్ముడు పనికి వెళ్లొద్దనలేదు. అందరికీ ఏమని చెప్పాలి అని మాత్రం అడిగారు.

ఇక నాకు ఉత్తరాలు రాయకండి. చెప్పాలనిపిస్తే రండి, ఆయన ఇంట్లో ఉన్నప్పుడు రండి, గట్టిగా చెప్పండి. లేదంటే మీ దగ్గరే ఉంచుకోండి.

మీ మాట నా దగ్గర భద్రంగా ఉంది. నా మాట మీ దగ్గరున్నప్పుడు ఏమైందో మీకు తెలుసు.

మరదలు